దృష్టి లోపం గలవారి ఉపాధి

పూర్తిగా చూపు లేనివారు, పాక్షికంగా చూపు ఉన్నవారు చేసే ఉద్యోగాలు, వృత్తులు, వ్యాపారాలు, వాటికి కావలసిన శిక్షణ, పనిముట్లు, చట్టరక్షణ ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. 2011 జనగణన ప్రకారం భారతదేశంలో దృష్టి లోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వారికి చదువు ఎలా చెప్పాలన్నది 19వ శతాబ్దిలోనే ఒక కొలిక్కి వచ్చింది. పని ఎలా కల్పించాలన్నది మాత్రం స్వాతంత్ర్యం తరువాతే ప్రభుత్వ బాధ్యతగా గుర్తింపు పొందింది. మొదట దయగా మొదలై, రిజర్వేషన్‌గా మారి, ఇప్పుడు సమాన హక్కు దాకా వచ్చిన ఈ ప్రయాణంలో ఒక లోటు ఇంకా మిగిలే ఉంది. ఉద్యోగం దొరికిన చాలామందికి చేయడానికి తగిన పని దొరకడం లేదు.

ఎవరు, ఎందరు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దృష్టి లోపాన్ని రెండుగా విభజించింది. అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటి చూపు 3/60 కన్నా తక్కువ ఉంటే, లేదా చూపు పరిధి 10 డిగ్రీల లోపే ఉంటే అది అంధత్వం. మామూలు చూపు ఉన్నవారు 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని 3 మీటర్ల దగ్గరికి వస్తే గానీ గుర్తుపట్టలేకపోవడం 3/60 చూపు. 6/18 నుంచి 3/60 వరకు చూపు ఉన్నా, పరిధి 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల వరకు ఉన్నా అది మందదృష్టి. రిజర్వేషన్ వర్తించాలంటే లోపం కనీసం 40 శాతం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని సదరం శిబిరాల్లో పరీక్ష చేసి ఇస్తూ వచ్చారు. దేశమంతటా చెల్లే యూడీఐడీ గుర్తింపు కార్డు తరువాత వచ్చింది.

2011 జనగణనలో లెక్కకు వచ్చిన వికలాంగులు 2.68 కోట్లు. వారిలో నూటికి సుమారు 19 మందిది దృష్టి లోపం. అన్ని రకాల వైకల్యాలనూ కలిపి చూస్తే పనిచేస్తున్నవారు 36 శాతం. మగవారిలో ఇది 47 శాతం ఉండగా ఆడవారిలో 23 శాతమే. 2018లో జరిగిన 76వ జాతీయ నమూనా సర్వేలో, 15 ఏళ్లు దాటిన వికలాంగుల్లో పని ఉన్నవారు 22.8 శాతంగా తేలారు. అదే సర్వేలో నిరుద్యోగిత 4.2 శాతం. ఈ రెండో అంకె చూసి పరిస్థితి బాగుందనుకోకూడదు. పని వెతుక్కుంటూ దొరకనివారినే నిరుద్యోగులుగా లెక్కిస్తారు. మిగతా నూటికి 76 మంది పని వెతుక్కునేవారి జాబితాలోనే లేరు. వారిలో వృద్ధులు గణనీయంగా ఉన్నారు. ఎవరూ పని ఇవ్వరని నమ్మి ఇంటిపట్టున ఉండిపోయినవారూ ఈ లెక్కలోనే కలిసిపోయారు.

చరిత్ర

పాఠశాలలు రాకముందు చూపులేనివారి బతుకుతెరువు చేతికి, చెవికి తెలిసే పనుల మీద ఆధారపడేది. తాళ్లు పేనడం, తిరగలి విసరడం, భజనలు, పాటలు పాడడం అలాంటివి. వీటిలో సంగీతానికే గౌరవం దక్కింది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు (1893–1964) మందదృష్టి వల్ల బడి చదువు కొనసాగించలేకపోయారు. అదే వ్యక్తి విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులై, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) చిన్ననాటి నుంచీ రేచీకటితో బాధపడి, క్రమంగా చూపు పూర్తిగా కోల్పోయారు. అయినా రాజమండ్రిలో ఉపాధ్యాయుడిగా, పత్రికా సంపాదకుడిగా, నవలా రచయితగా, నాటకకర్తగా పనిచేశారు. ఆయన చెబుతుంటే ఇతరులు రాసేవారు. పరీక్షల్లో స్క్రైబ్, అంటే చెప్పింది రాసిపెట్టే వ్యక్తి, సాయం తీసుకోవడం ఈనాటి అభ్యర్థులకు హక్కు. ఆ రోజుల్లో అది ఆత్మీయులు చేసిన ఉపకారం.

దేశంలో అంధులకు తొలి పాఠశాలను 1887లో అమృత్‌సర్‌లో అనీ షార్ప్ అనే మిషనరీ స్థాపించారు. తరువాత అది డెహ్రాడూన్‌కు తరలింది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1943లో అక్కడే సెయింట్ డన్‌స్టన్స్ శిక్షణాలయం మొదలైంది. దానికి నాయకత్వం వహించిన సర్ క్లూథా మెకంజీ న్యూజీలాండ్‌కు చెందినవారు. 1915లో గలిపోలి యుద్ధంలో ఆయనా చూపు కోల్పోయారు. 1950లో కేంద్ర ప్రభుత్వం ఆ శిక్షణాలయాన్ని తన చేతిలోకి తీసుకుని, వయోజన అంధుల శిక్షణ కేంద్రంగా మార్చింది. 1951లో అక్కడ బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడింది. తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటికీ ఒకే లిపి పద్ధతిగా భారతి బ్రెయిలీ రూపుదిద్దుకున్నదీ ఆ ఏడాదే. ఈనాటి జాతీయ దృష్టి వికలాంగుల సాధికారత సంస్థకు ఆ శిక్షణ కేంద్రమే మూలం.

1952లో బొంబాయిలో జాతీయ అంధుల సంఘం ఏర్పడింది. ఆ తరంలో నేర్పిన పనులు కుర్చీలకు కేన్ అల్లడం, మగ్గం నేత, కొవ్వొత్తులు, సుద్దముక్కలు, ఫినాయిల్ తయారీ. ఇవి ఎక్కువగా చూపులేనివారి కోసమే నడిపే రక్షిత కార్యశాలల్లో జరిగేవి. భోజనం, వసతి, చిన్న కూలీ దొరికేవి కానీ, అక్కడి నుంచి బయటి పరిశ్రమలోకి వెళ్లినవారు కొద్దిమందే. పరిశ్రమల్లో విడిభాగాల బిగింపు, ప్యాకింగ్ పనులు కొందరికి దక్కాయి. కార్యాలయాల్లో అందివచ్చింది టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం. బోర్డు మీది మీటలు, తీగలు వేలికి తెలుస్తాయి, నంబర్లు జ్ఞాపకంలో ఉంటాయి. ఒక తరం పాటు బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో చూపులేని ఆపరేటర్లు పనిచేశారు. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు, వాటి వెనకే సెల్‌ఫోన్లు వచ్చేసరికి ఆ దారి మూసుకుపోయింది. ఒకటి రెండు వృత్తులకే మనుషుల్ని పరిమితం చేస్తే, ఆ వృత్తులు పోయిన రోజున వారంతా ఒకేసారి రోడ్డున పడతారన్నది ఈ అనుభవం చెప్పిన పాఠం.

దాన్ని ముందుగా గ్రహించింది చూపులేనివారి సంఘాలే. 1970లో ఏర్పడిన జాతీయ అంధుల సమాఖ్య దానం అడగలేదు, ఉద్యోగం అడిగింది. 1977లో కేంద్రం గ్రూప్ సీ, డీ పోస్టుల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అందులో ఒక శాతం చూపులేనివారిది. ఆచరణ ఎక్కడిదక్కడే ఉండిపోవడంతో 1980 మార్చి 16న ఢిల్లీ వీధుల్లో వారు ఊరేగింపు తీశారు. పోలీసులు లాఠీఛార్జి చేశారు. దేశాన్ని కలచివేసిన ఆ సంఘటన తరువాత ఉపాధి డిమాండును పక్కన పెట్టడం ప్రభుత్వాలకు కష్టమైంది.

చట్టాలు

1995 నాటి వికలాంగుల చట్టం రిజర్వేషన్‌ను తొలిసారి శాసనంగా మార్చింది. ప్రభుత్వ కొలువుల్లో 3 శాతం వికలాంగులకు కేటాయించి, అంధత్వం, మందదృష్టి గలవారికి అందులో ఒక శాతం ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం గుర్తించిన వైకల్యాలు 21. రిజర్వేషన్ 4 శాతానికి పెరిగింది. దృష్టి లోపం గలవారి వాటా ఒక శాతంగానే కొనసాగింది. ఏటికేడు భర్తీ కాని ఖాళీని మరుసటి ఏడాదికి తీసుకువెళ్లాలి. అప్పటికీ తగినవారు దొరకకపోతేనే ఇతర వైకల్యాల వారికి ఇవ్వవచ్చు.

ఈ చట్టంలో ఉద్యోగికి నేరుగా ఉపయోగపడే నిబంధనలు మూడు. మొదటిది, పని చేయడానికి కావలసిన సహేతుకమైన మార్పులు చేసిపెట్టడం యజమాని బాధ్యత. కంప్యూటరులో స్క్రీన్ రీడర్ వేయించడం, కాగితం బదులు ఫైలును చదవగలిగే రూపంలో పంపడం ఇందులోకి వస్తాయి. రెండోది, ఉద్యోగంలో ఉండగా చూపు పోయినవారిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టు ఇవ్వాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా పదవీ విరమణ దాకా అదనపు పోస్టు సృష్టించి కొనసాగించాలి. మూడోది, ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. ఉద్యోగుల్లో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రైవేటు యాజమాన్యాలను ప్రోత్సాహకాలతో ముందుకు తేవాలని మాత్రం చట్టం చెప్పింది.

ఏ పోస్టులు ఏ వైకల్యం గలవారికి తగినవో గుర్తించే పని ప్రభుత్వానిది. 2021 జనవరిలో కేంద్రం అన్ని వైకల్యాలకూ కలిపి 3,566 పోస్టుల జాబితా విడుదల చేసింది. దీన్ని మూడేళ్లకోసారి సమీక్షించాలి. జాబితాలో పేరు లేదన్న కారణంతో దరఖాస్తులు తిప్పికొట్టిన సందర్భాలు అనేకం. అందుకే జాబితాను తలుపుగా కాక గోడగా వాడుతున్నారని సంఘాలు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నాయి.

న్యాయస్థానాల పాత్ర

ఈ రంగంలో హక్కులు చాలావరకు కోర్టుల ద్వారానే కాగితం దాటి బయటికి వచ్చాయి. జాతీయ అంధుల సమాఖ్య వేసిన కేసులో 1993లో సుప్రీంకోర్టు, సివిల్ సర్వీసెస్ పరీక్షను బ్రెయిలీలో గానీ స్క్రైబ్ సాయంతో గానీ రాసే అవకాశం చూపులేనివారికి కల్పించింది. 2013 అక్టోబరు 8న మరో తీర్పులో, రిజర్వేషన్‌ను గుర్తించిన పోస్టుల మీద కాక కేడరులోని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని స్పష్టం చేసింది. మొత్తం రిజర్వేషన్లకు ఉన్న యాభై శాతం పరిమితి వికలాంగుల రిజర్వేషన్‌కు వర్తించదని కూడా చెప్పింది. పదోన్నతుల్లోనూ రిజర్వేషన్ ఉండాలన్న 2016 నాటి తీర్పును 2020లో త్రిసభ్య ధర్మాసనం బలపరిచింది. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న ఇచ్చిన తీర్పు, సహేతుకమైన మార్పులు నిరాకరించడమే వివక్ష అని తేల్చింది.

న్యాయవృత్తికి సంబంధించి 2025 మార్చి 3 నాటి తీర్పు ముఖ్యమైనది. దృష్టి లోపం గలవారిని న్యాయాధికారుల ఎంపికకు దూరంగా ఉంచిన మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. చూపు లేదన్న కారణంతోనే ఎవరినీ న్యాయమూర్తి పదవికి పనికిరారనకూడదని చెప్పింది. అనుభవం కూడా దీన్నే సమర్థిస్తుంది. పసితనంలోనే చూపు కోల్పోయిన జాక్ యాకూబ్ 1998 నుంచి 2013 వరకు దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్నారు. మన దేశంలో చూపులేని న్యాయవాది సాధన్ గుప్తా 1950లలోనే లోక్‌సభ సభ్యుడై, తరువాత పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్ అయ్యారు.

పని ఎలా చేస్తారు

చూపులేనివారు కంప్యూటరు ఎలా వాడతారన్నది యజమానులకు తరచూ కలిగే సందేహం. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను, మెనూలను, బటన్ల పేర్లను మాటగా వినిపిస్తుంది. మౌస్ అక్కరలేదు, కీబోర్డు మీదే అన్ని పనులూ జరుగుతాయి. అలవాటైనవారు మామూలు మాట కన్నా చాలా ఎక్కువ వేగంతో వింటారు. ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటారుసైకిల్ పందెగాడు టెడ్ హెంటర్ సంస్థ 1989లో తెచ్చిన జాస్ చాలాకాలం ఈ రంగాన్ని ఏలింది. దాని ఖరీదు భారతీయ ఉద్యోగికి భారమే. 2006లో ఇద్దరు చూపులేని ఆస్ట్రేలియా యువకులు, మైకేల్ కరన్, జేమ్స్ టే, ఎన్‌వీడీఏను రూపొందించి ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లలో స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. తెలుగులోనూ చదువుతుంది.

తెలుగులో పనిచేసేవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అచ్చు పనుల కోసం దశాబ్దాలుగా వాడిన అను వంటి పాత ఫాంట్లు, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో లేవు. వాటితో టైపు చేసిన పేజీ కంటికి చక్కని తెలుగులా కనబడుతుంది గానీ, స్క్రీన్ రీడర్‌కు అది అర్థం లేని గుర్తుల వరుస. సంతకాలు చేసి స్కాన్ చేసిన జీవోలు, సర్క్యులర్లు కూడా అంతే. అవి బొమ్మలే గానీ అక్షరాలు కావు. ఒక గుమాస్తా తన శాఖ ఉత్తర్వును తాను చదువుకోలేక పక్కవారిని అడగవలసి రావడానికి ఆయన కళ్ల కన్నా ఆ ఫైలు తయారైన పద్ధతే కారణం. యూనికోడ్‌లో టైపు చేసిన మూల ప్రతిని కూడా పంపితే సమస్య తీరిపోతుంది, ఖర్చేమీ లేదు.

పుస్తకాల విషయంలో 2012 నాటి కాపీరైట్ సవరణ, 2013 నాటి మరకేష్ ఒప్పందం మేలు చేశాయి. అనుమతి కోసం ఎదురుచూడకుండా పుస్తకాలను చదవగలిగే రూపంలోకి మార్చుకునే వీలు కలిగింది. ఆ ఒప్పందాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. పోటీ పరీక్షల్లో స్క్రైబ్‌తో పాటు గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మందదృష్టి, మధ్యలో పోయిన చూపు

పాక్షికంగా చూపు ఉన్నవారి ఇబ్బంది బయటికి కనబడదు. చేతికర్ర ఉండదు, ఎదురుగా నిలబడితే చూస్తున్నట్టే ఉంటారు. అందుకే నటిస్తున్నారన్న అనుమానం, నిర్లక్ష్యం అన్న ముద్ర వారిని వెంటాడతాయి. పెద్ద అక్షరాలు చదవగలిగిన మనిషి మెట్ల అంచు గుర్తించలేకపోవచ్చు. పగలు తిరగగలిగినవారికి సాయంత్రం దారి తెలియకపోవచ్చు. వీరికి కావలసినవి తెరను పెద్దది చేసి చూపే సాఫ్ట్‌వేర్, నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు, కిటికీ వెలుతురు కళ్లలో పడని చోట కుర్చీ, రాత్రి డ్యూటీల నుంచి మినహాయింపు. చాలామంది ఉద్యోగం పోతుందన్న భయంతో లోపాన్ని దాచుకుని, ఫైలును కంటికి ఆనించి చదువుతూ ఏళ్లు నెట్టుకొస్తారు.

నీటికాసులు, మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం, రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా పని వయసులోనూ చూపు తీసుకుపోతాయి. అలాంటివారికి చట్టంలోని కొలువు రక్షణ ఎంత అవసరమో పునరావాస శిక్షణా అంతే అవసరం. కర్రతో నడక, స్క్రీన్ రీడర్ వాడకం, ఇంటి పనులు చేసుకునే పద్ధతులు కొద్ది నెలల్లో పట్టుబడతాయి. తెలియకపోవడం వల్ల ఎందరో ఆ శిక్షణ తీసుకోకుండానే స్వచ్ఛంద పదవీ విరమణకు సంతకం పెట్టేస్తున్నారు.

వృత్తులు

ప్రభుత్వ రంగంలో దృష్టి లోపం గలవారు ప్రధానంగా ఉపాధ్యాయులుగా, బ్యాంకు ఉద్యోగులుగా, కార్యాలయ సహాయకులుగా, సంగీత అధ్యాపకులుగా కనబడతారు. పై స్థాయి కొలువుల్లోనూ దారి తెరుచుకుంది. చెన్నైకి చెందిన బెనో జెఫైన్ 2015లో భారత విదేశాంగ సర్వీసులో చేరారు. ప్రాంజల్ పాటిల్ తొలిసారి ర్యాంకు తెచ్చుకున్నప్పుడు కేటాయించిన రైల్వే సర్వీసు చూపు లేదన్న కారణంతో చేజారింది. ఆమె మళ్లీ రాసి 124వ ర్యాంకుతో ఐఏఎస్ సాధించి, 2019లో తిరువనంతపురం సబ్ కలెక్టర్ బాధ్యతలు చేపట్టారు.

ప్రైవేటు రంగంలో సాఫ్ట్‌వేర్ పరీక్షణ, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉన్నాయో లేదో చూసే పని, కాల్ సెంటర్లు, మానవ వనరుల విభాగాలు ముఖ్యమైనవి. బెంగళూరులో 1999లో మొదలైన ఎనేబుల్ ఇండియా ఇలాంటి కొలువులకు శిక్షణ ఇచ్చి యజమానులతో కలుపుతోంది. స్పర్శజ్ఞానాన్నే నైపుణ్యంగా మలచిన ప్రయోగమూ ఉంది. జర్మనీలో వైద్యుడు ఫ్రాంక్ హాఫ్‌మన్ రూపొందించిన పద్ధతిలో, చూపులేని మహిళలు రొమ్ములో చిన్న గడ్డలను సైతం వేళ్లతో గుర్తించి వైద్యులకు తెలియజేస్తారు. ఢిల్లీలో ఈ శిక్షణ మన దేశానికీ వచ్చింది.

వీటన్నిటికీ ఆవల పెద్ద సంఖ్యలో ఉన్నది స్వయం ఉపాధి. కిరాణా కొట్లు, రైళ్లలో పెన్నులు, దువ్వెనలు, తాళంచెవుల గొలుసులు అమ్మడం, వాద్యబృందాల్లో పాడడం ఇందులోకి వస్తాయి. మహాబలేశ్వరంలో చూపులేని భవేష్ భాటియా స్థాపించిన కొవ్వొత్తుల సంస్థ చూపులేనివారితోనే నడుస్తూ పెద్ద వ్యాపారంగా ఎదిగింది. జాతీయ వికలాంగుల ఆర్థిక సంస్థ 1997 నుంచి స్వయం ఉపాధికి రుణాలిస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంత్ హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివారు. పదో తరగతి తరువాత చూపులేనివారికి సైన్సు గ్రూపు ఇవ్వరన్నప్పుడు కోర్టుకు వెళ్లి గెలిచారు. అమెరికాలోని ఎంఐటీలో చదువుకుని తిరిగి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ నెలకొల్పారు. పర్యావరణానికి హాని చేయని ప్యాకింగ్ సామగ్రి తయారుచేసే ఆ సంస్థ వికలాంగులకు ఉద్యోగాలిచ్చింది. ఆ పోరాటం ఒక సంగతి తేటతెల్లం చేసింది. చూపులేని పిల్లలకు లెక్కలు, సైన్సు నిరాకరించడమంటే పదిహేనో ఏటనే సగం ఉద్యోగాలు నిరాకరించడం.

తూర్పు గోదావరి జిల్లా నుంచి వచ్చిన కట్టా సింహాచలం ఐఏఎస్‌కు ఎంపికై ఆంధ్రప్రదేశ్‌లోనే అధికారిగా పనిచేస్తున్నారు. శిక్షణ విషయానికి వస్తే, 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చికిత్సతో ఆగకుండా, చూపు తిరిగి రానివారికి పునరావాస విభాగం నడుపుతోంది. డెహ్రాడూన్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో శాఖ ఉంది. ఇలాంటివి ఎక్కువగా హైదరాబాద్ చుట్టూనే ఉండడం లోటు. శ్రీకాకుళం, ఆదిలాబాద్ పల్లెల్లోని యువతి స్క్రీన్ రీడర్ నేర్చుకోవాలంటే ముందు ఇల్లు విడిచి నగరంలో వసతి వెతుక్కోవాలి. ఆడవారి ఉపాధి సగానికి సగం తక్కువ ఉండడానికి ఈ దూరమూ ఒక కారణమే.

ఇతర దేశాల పద్ధతులు

జపాన్‌లో మర్దన, సూదివైద్యం ఎడో కాలం నుంచీ చూపులేనివారి వృత్తులు. 17వ శతాబ్దికి చెందిన చూపులేని వైద్యుడు సుగియామా వాయిచి వాటికి పాఠశాలలు పెట్టారు. దక్షిణ కొరియా మర్దన వృత్తిని చట్టంతోనే వారికి కేటాయించింది. అమెరికాలో 1936 నాటి రాండాల్ఫ్ షెపర్డ్ చట్టం, కేంద్ర ప్రభుత్వ భవనాల్లో దుకాణాలు నడిపే హక్కులో చూపులేనివారికి ప్రాధాన్యం ఇచ్చింది. స్పెయిన్‌లో 1938లో ఏర్పడిన ఓన్సే అనే సంస్థ లాటరీ ఆదాయంతో వేల మందికి ఉపాధి కల్పిస్తోంది. ఒక వృత్తిని కేటాయించడం తక్షణ భద్రత ఇస్తుంది. అదే సమయంలో, మరో వృత్తి కోరుకునేవారి దారిని ఇరుకు చేస్తుంది. భారత్ ఎంచుకున్న రిజర్వేషన్, సమాన అవకాశాల మార్గం ఇంతకన్నా విశాలమైనది.

మిగిలిన లోటు

నియామకం పూర్తయ్యాక ఏం జరుగుతుందన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. చూపులేని ఉద్యోగి చేరిన మొదటి రోజున కుర్చీ చూపించి, సంతకం పెట్టించుకుని, పని మాత్రం ఇవ్వని కార్యాలయాలు ఎన్నో. అది దయ అని వారనుకుంటారు. పోటీ పరీక్ష నెగ్గి వచ్చిన మనిషికి ఏళ్ల తరబడి పని లేకుండా కూర్చోవడం శిక్షే. అనుభవం రాదు, పదోన్నతి వేళకు చూపించడానికి ఏమీ ఉండదు, చూపులేనివారు పనికిరారన్న మాటకు ఆ ఖాళీ టేబులే సాక్ష్యమవుతుంది. దీనికి మూలం తరచూ చిన్నదే. శాఖ సాఫ్ట్‌వేర్‌లోని బటన్లకు పేర్లు పెట్టకపోవడం, బొమ్మలో అక్షరాలు గుర్తించమనే క్యాప్చా, ముఖాన్ని గీతల మధ్య నిలిపితే గానీ హాజరు పడని యాప్ అలాంటివి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును జీవించే హక్కులో భాగంగా ప్రకటించింది. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను కొనేముందే స్క్రీన్ రీడర్‌తో పరీక్షించడాన్ని టెండరు షరతుగా పెడితే ఆ తీర్పు ప్రతి కార్యాలయానికీ చేరుతుంది.

జిల్లాకొక శిక్షణ కేంద్రం, యూనికోడ్‌లో ఉత్తర్వులు, ఉన్నత పాఠశాలల్లో లెక్కలు, సైన్సు చెప్పగల ప్రత్యేక ఉపాధ్యాయులు, చేరిన నెలలోపే కావలసిన పరికరాలు. ఇవేవీ కొత్త చట్టం కోరేవి కావు, ఉన్న చట్టాన్ని పాటిస్తే చాలు. ప్రభుత్వాలు ఏటా ఎన్ని బ్యాక్‌లాగ్ పోస్టులు నింపామో చెబుతున్నాయి. చేరినవారిలో ఎందరికి పూర్తి స్థాయి పని అప్పగించారో, ఎందరు పదోన్నతి పొందారో కూడా అదే నివేదికలో చెప్పాలి. సంఘాలు 1970ల నుంచి అడుగుతున్నది జీతం ఒక్కటే కాదు, తమ చదువుకు, శక్తికి తగిన పని కూడా.